నీలం సిరాతో రాసిన ముక్క

రెండు వేల పదహారు, అక్టోబరు ఇరవై, గురువారం. పొద్దున ఆరున్నరకి చద్దన్నం, గోంగూర పచ్చడి, నంజుకోవడానికి ఒక ఉల్లిపాయ.

"అంతే తిని వెళ్ళాడు మీ నాన్న," అంది దేవకుమారి. "ఇంకేం తినలా. ఇంకేం తాగలా."

తొమ్మిదేళ్ళుగా ఆమె ఆ మాటే చెబుతోంది. ఆసుపత్రిలో చెప్పింది. స్టేషన్లో చెప్పింది. పాస్టరుగారికి చెప్పింది. అందరూ విన్నారు, ఎవరూ రాసుకోలేదు. ఈ సాయంత్రం పిల్లలిద్దరి మధ్యా బల్ల మీద పడి ఉన్న గోధుమరంగు ఫైలుని చూస్తూ మళ్ళీ చెప్పింది.

ఫైలు మీద నాగేంద్రబాబు పేరుంది.

"ఛార్జరు కోసం నీ బ్యాగు తీశాను. ఇది దొరికింది," అన్నాడు మార్క్. కోల్డ్ స్టోరేజీలో పని ముగించుకుని అప్పుడే వచ్చాడు. చొక్కా నిండా మిరపకాయల ఘాటు. "ఎన్నాళ్ళ నించి దాస్తన్నావక్కా?"

"దాయలేదు. అది ఆఫీసు ఫైలు. నువ్వు ముట్టుకోకూడదు. నేను ఇంటికి తేకూడదు."

"మరెందుకు తెచ్చావు?"

క్రిస్టీనా బ్యాగులోంచి ఛార్జరు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. గుంటూరులో సహాయ కేంద్రంలో చేరి ఏడు వారాలైంది. కేస్ వర్కరుగా శిక్షణలో ఉంది. మంచాన పడ్డవాళ్ళ ఇంటికి వెళ్ళి, వాళ్ళకి ఏం కావాలో అడిగి రాసుకుని, అది ఎక్కడ దొరుకుతుందో వెతికి, వాళ్ళ చేతికి అందేదాకా వెంటపడటం ఆ పని. ఎనిమిది రోజుల క్రితం పంచిన ఫైళ్ళలో ఇది ఆమె వాటాకి వచ్చింది.

మార్క్ ఒక పేజీ దగ్గర వేలు పెట్టాడు. "మద్యం అలవాటు ఉందా, లేదా. ఈ గడి ఖాళీగా ఉందేం?"

"రేపు వెళ్ళి అడగాలి."

"అడిగేదేముంది? ఉందని టిక్కు పెట్టు. ఏమయిద్ది?"

చెప్పకుండా ఉండాల్సింది. చెప్పింది. "పోయిన ఏప్రిల్లో మిర్చి బస్తాలు లోడు చేయిస్తూ లారీ మీంచి పడ్డాడు. నడుం కింద చచ్చుబడింది. తాడేపల్లి దగ్గర ఒక కేంద్రంలో అట్టాంటివాళ్ళకి చక్రాల కుర్చీలో కూచోటం నేర్పుతారు, పుండ్లు మాన్పుతారు. ఒక్క మంచం ఖాళీ అయింది. తాగుడుందని రాస్తే, ముందు అది మాన్పించుకుని రమ్మంటారు. మంచం వెనకవాళ్ళకి పోద్ది."

"పోతే?"

"వీపున పుండు పడింది. అది ఎముక దాకా దిగితే బతకడు."

మార్క్ కుర్చీ లాక్కుని అక్క ఎదురుగా కూచున్నాడు.

"నాన్నని ట్రక్కులో పడేసి తీసుకెళ్ళి డాక్టరుకి ఈ నాగేంద్రబాబేం చెప్పాడు? పొద్దున్నే తాగొచ్చి తన చేలో పడ్డాడన్నాడు. డాక్టరు అదే రాశాడు. మత్తు దిగిద్దిలే అని గ్లూకోజు పెట్టి ఒక మూల పడుకోబెట్టారు. పురుగుమందు ఒంటికెక్కిందని కనిపెట్టేసరికి రెండు గంటలు పోయాయి, నాన్నా పోయాడు. వాడు రాయించింది ఒక్క ముక్క అక్కా. నువ్వూ ఒక్క ముక్క రాయి."

అతను అరవలేదు. అరిచి ఉంటే జవాబు చెప్పడం తేలికయ్యేది.

దేవకుమారి నేల మీద కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

"నువ్వెవరో వాడికి తెలుసా?"

"తెలీదు. మొదటిసారి వెళ్ళినప్పుడు నిద్రలో ఉన్నాడు. వాళ్ళావిడే మాట్లాడింది. ఆవిడా పోల్చుకోలా." నాగేంద్రబాబు వాళ్ళుండే ఆ ఊరు వదిలి వీళ్ళు ప్రత్తిపాడు వచ్చేసి ఏడేళ్ళయింది. అప్పట్లో క్రిస్టీనా హాస్టల్లో చదువుకునే పిల్ల.

"తెలియాలి," అంది దేవకుమారి. "ఏం రాస్తావో నీ ఇష్టం. రాసింది దానయ్య కూతురని వాడికి తెలియాలి. తెలియకుండా రాస్తే నాకేం దక్కినట్టు?"

"అసలు నేను ఆ ఫైలు తీసుకోకూడదమ్మా. ముందే తెలిసినవాళ్ళయితే మొదటిరోజే చెప్పి వెనక్కి ఇచ్చేయాలి. మేడమ్ చెప్పింది."

"ఇచ్చావా?"

"లేదు."

"ఎందుకివ్వలా?"

క్రిస్టీనా నేల మీద కూచుంది. ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగింది. దేవకుమారి మరి అడగలేదు. గిన్నెని కూతురి వైపు కొంచెం జరిపింది.

* * *

సమీరా మేడమ్ ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషి. శిక్షణకి వచ్చిన ఐదుగురికీ మొదటిరోజు తలా రెండు పెన్నులు ఇచ్చింది.

"కంటితో చూసింది నల్ల సిరాతో రాయండి. చెవితో విన్నది నీలం సిరాతో, పక్కన ఎవరు చెప్పారో పేరు పెట్టి. పుండు మూడంగుళాలుంటే నలుపు. నెల నుంచి ఉందని భార్య చెబితే నీలం. మీరు అనుకున్నదానికి ఇక్కడ సిరా లేదు. అది ఇంటికెళ్ళి మీ ఆయనలకి చెప్పుకోండి."

"మాకు పెళ్ళిళ్ళు కాలేదు మేడమ్."

"అయితే దిండుకి చెప్పుకోండి."

రాయడం అయ్యాక మొదటి నుంచి చివరి దాకా ఆ మనిషికి చదివి వినిపించాలి. ఆయన ఔనంటేనే సంతకం. ఫైలు ఆయనది, మనం మోస్తున్నాం అంతే, అని సమీరా మేడమ్ వారానికి రెండుసార్లైనా అనేది.

శుక్రవారం పదకొండు గంటలకి క్రిస్టీనా నాగేంద్రబాబు ఇంటి ముందు స్కూటీ ఆపింది. వరండాలో ఒక పక్క పత్తి రాశి, ఇంకో పక్క మంచం. అప్పుడే ఫోనులో అలారం మోగింది. భార్య జ్యోతిర్మయి చేస్తున్న పని ఆపి వచ్చి, ఆయన్ని భుజం కిందా తొడ కిందా పట్టుకుని పక్కకి తిప్పింది. రెండు గంటలకొకసారి అలా తిప్పాలి. ఎనిమిది నెలల్లో ఆమె ముంజేతులు మగవాడి చేతుల్లా తయారయ్యాయి.

క్రిస్టీనా పుండు కొలిచింది. మూడంగుళాలు. అంచులు ఎరుపు, మధ్యలో తెలుపు. నల్ల సిరా.

"ఎప్పుడు మొదలైందండీ?"

"దసరా ముందు," అంది జ్యోతిర్మయి. నీలం సిరా.

నాగేంద్రబాబు గోడ వైపు తిరిగి ఉన్నాడు. గొంతు మాత్రం పాతదే. "ఆ తాడేపల్లి వాళ్ళు ఎప్పుడు తీసుకెళ్తారంట?"

"ఇవాళ ఇది పూర్తయితే రేపు జాబితాలో పేరు వెళ్తుందండీ."

"నీ పేరేంది?"

"క్రిస్టీనా."

"ఎవరి తాలూకు?"

ఆ వైపు ఊళ్ళలో గుమ్మంలోకి వచ్చిన ఎవరినైనా అడిగే ప్రశ్నే. ఆయన ఊరికే అడిగాడు. క్రిస్టీనా పెన్నుకి మూత పెట్టింది.

"దానయ్య కూతుర్ని."

జ్యోతిర్మయి తడిగుడ్డ పిండుతూ ఆగిపోయింది.

"ఏ దానయ్య?"

"మీ పత్తిచేలో పురుగుమందు కొడుతూ పడిపోయిన దానయ్య."

పక్క దొడ్లో గేదె తొట్టిలో మూతి పెట్టి నీళ్ళు పీలుస్తోంది. అది తాగి తల ఎత్తింది.

"జ్యోతీ, నువ్వు లోపలికెళ్ళు."

ఆమె వెళ్ళింది. గడప దాకానే వెళ్ళింది.

"ఫారంలో ఒక ప్రశ్న మిగిలింది," అంది క్రిస్టీనా. "మద్యం అలవాటు ఉందా?"

"ముట్టను. ఊళ్ళో ఎవర్నైనా అడుగు."

"ఎవర్నైనా అడిగితే వాళ్ళు ఏం చెప్తే అది రాస్తాను. మా నాన్నకి అట్టాగే రాశారు."

ఆయన వీపు ఆమె వైపు ఉంది. ఊపిరి బరువుగా లేవటం, దిగటం కనిపించింది. తిరిగి ఆమె మొహం చూడాలంటే ఎవరో ఒకరు తిప్పాలి. క్రిస్టీనా తిప్పలేదు.

"ఏం కావాలి నీకు?"

"ఆ రోజు మా నాన్న తాగాడా?"

గోడకి చెప్పినట్టు చెప్పాడు. "లేదు. దానయ్య తాగలేదు."

"మరి?"

"ఆ పురుగుమందు అమ్మకూడదని అప్పటికే ఆపేశారు. తెలిసినవాడి దగ్గర తెచ్చా. పురుగు ఆగటంలా, ఏం చెయ్యను. డాక్టరు ఏం కొట్టాడని అడిగితే డబ్బా చూపించాల్సొచ్చిద్ది. భయమేసింది. తాగాడని నోటికొచ్చింది, అనేశా. సాయంత్రానికి లేచి కూచుంటాడనుకున్నా."

ఫారంలో దానికి గడి లేదు. చివరి పేజీలో అడుగున ఉన్న ఖాళీలో క్రిస్టీనా రాసింది, ఆయన మాటల్ని ఆయన చెప్పిన వరసలోనే. నీలం సిరా. చెప్పినవారు: నాగేంద్రబాబు.

తరవాత మొదటి నుంచి చదివి వినిపించింది. పుండు, మూత్రం గొట్టం, తిండి, నిద్ర, మద్యం లేదు. అన్నిటికీ ఊఁ కొట్టాడు. చివరి ముక్క దగ్గర కొట్టలేదు.

"అది కొట్టెయ్."

"మీరు చెప్పిందేగా."

"నీకు చెప్పా. కాగితానికి చెప్పలా."

"కొట్టెయ్యను."

"నాకు పిల్లలున్నారు. ఆ ముక్క కింద సంతకం పెట్టను."

క్రిస్టీనా ఫైలు మూసి ఆయన దిండు పక్కన పెట్టింది. "రేపు పది గంటలకి జాబితా వెళ్ళిపోతుంది. సంతకం ఉంటే మీ పేరు ఉంటుంది. మేము ప్రత్తిపాడులో చర్చి పక్క సందులో ఉంటాం. పంపించండి."

ఆ ముక్కకీ ఆ మంచానికీ ఏ సంబంధమూ లేదని ఆమెకి తెలుసు. తెలిసే అంది. స్కూటీ దగ్గరికి నడుస్తుంటే కడుపు నిండా తిన్నట్టుంది. ఎండలో కాలిన సీటు మీద రాలిన పత్తి దూదినీ దుమ్మునీ జ్యోతిర్మయి కొంగుతో తుడిచింది.

* * *

సాయంత్రం ఆరున్నర దాటాక చర్చిలో క్రిస్మస్ పాటల సాధన మొదలైంది. అప్పుడు వచ్చింది జ్యోతిర్మయి. చేతిలో ఫైలు. గడప అవతల నిలబడింది.

మార్క్ లేచాడు. "ఎందుకొచ్చారు మీరు?"

"రానీ," అంది దేవకుమారి. ఒకప్పుడు ఈవిడ చేలో మిరపకాయలు కోస్తూ అమ్మగారూ అని పిలిచిన మనిషి. ఇవాళ కుర్చీ చూపించి, "కూచో," అంది.

జ్యోతిర్మయి కూచోలేదు. ఫైలు క్రిస్టీనా చేతికిచ్చింది. చివరి పేజీలో ఆయన సంతకం ఉంది. వంకరపోయి, గీత దాటి, కాగితం చిరిగేంత నొక్కి పెట్టింది. దాని కింద ఇంకో చేతిరాత: నేను విన్నాను. జ్యోతిర్మయి.

"ఒప్పుకున్నారా?" అంది క్రిస్టీనా.

"ఒప్పుకోలా." ఆమె కళ్ళు దేవకుమారి మీద ఉన్నాయి. "నాకూ తాగాడనే చెప్పాడు. నేనూ నమ్మా. తాగుబోతు సచ్చి మా నెత్తికి చుట్టాడని నీళ్ళ ట్యాంకు కాడ ఎంతమందితో అన్నానో. నువ్వొచ్చి పొద్దున ఏం తిన్నాడో చెప్తంటే మొహం తిప్పుకున్నా."

దేవకుమారి కుర్చీని ఇంకొంచెం ముందుకు జరిపింది.

"ఒంటిగంటకి ఫోను మోగింది. తిప్పలా. సంతకం పెట్టు, తిప్పుతానన్నా. తిట్టాడు. మూడింటికి మోగింది. తిప్పలా. ఏడ్చాడు. నాలుగున్నరకి పెట్టాడు."

చర్చిలో ఎవరో శ్రుతి తప్పితే పాట ఆగింది. మార్క్ నవ్వబోయి మానుకున్నాడు.

"అట్టా చేయకూడదండీ," అంది క్రిస్టీనా. "ఆ పుండు..."

"నువ్వేగా అన్నావు సంతకం ఉంటేనే పేరుంటదని. పొద్దున మూడంగుళాలన్నావు. ఇప్పుడొచ్చి కొలువు."

తను వదిలిపెట్టి వచ్చిన మాట ఆ వరండాలో అయిదు గంటలపాటు ఏం పని చేసిందో క్రిస్టీనాకి ఇప్పుడు కనిపించింది.

"పక్కింటామెను కూచోబెట్టొచ్చా. పోవాలి," అంది జ్యోతిర్మయి.

మార్క్ అప్పటికే ఫోను తీసి కాగితం మీదకి వంగాడు. "ఒక్క ఫోటో. మన పాత ఊరి గ్రూపులో పెడితే తెల్లారేసరికి అందరూ చూస్తారు. ఆయన కొడుకులూ చూస్తారు."

క్రిస్టీనా కాగితం మీద అరచెయ్యి పెట్టింది. "తీయమాక. అది ఆయన ఫైలు."

"ఆయనంట. నాన్నేమయ్యాడు మరి?"

"తియ్యమాకన్నానా."

"ఫోను జేబులో పెట్టరా," అంది దేవకుమారి. "ముందు ఆవిణ్ణి ఆటో ఎక్కించిరా. చీకటి పడింది."

మార్క్ తల్లి మొహం చూశాడు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు. జ్యోతిర్మయి అతని వెనకే వెళ్ళింది.

* * *

సమీరా మేడమ్ నాలుగో రింగుకి ఎత్తింది. వెనక కుక్కరు కూత వినిపించింది.

"మేడమ్, నాగేంద్రబాబు ఫైలు. ఆయన నాకు తెలుసు. ఫైలు ఇచ్చిన రోజు నుంచే తెలుసు."

"చెప్పు."

నిలబడే అంతా చెప్పింది. తండ్రి సంగతి, ఖాళీలో రాసిన ముక్క, దిండు పక్కన వదిలేసిన ఫైలు, ఒంటిగంట, మూడు, నాలుగున్నర. మధ్యలో సమీరా మేడమ్ ఒక్కసారి కూడా ఆపలేదు. కుక్కరు ఇంకో రెండు కూతలు కూసింది. ఎవరో స్టవ్ ఆపారు.

"ఆ సంతకం చెల్లదు క్రిస్టీనా. నువ్వు చేసిన అంచనా కూడా చెల్లదు."

"తెలుసు మేడమ్."

"నల్ల సిరాతో రాసిందైనా నమ్మొచ్చా?"

ఆ ప్రశ్న తిట్టు కంటే ఎక్కువ తగిలింది. "నమ్మొచ్చు. పొద్దున నేను చూసిందే రాశాను."

"సరే. రేపు ఆరున్నరకి నర్సుని తీసుకుని నేనే వెళ్తాను. కొత్త ఫారం రాస్తాను. ఆసుపత్రి కాగితాలు, స్కానులు, అసలువన్నీ ఆ ఫైల్లోనే ఉన్నాయి. అవి లేకపోతే తాడేపల్లి వాళ్ళు పేరు తీసుకోరు. ఆరు గంటలకి ప్రత్తిపాడు బస్టాండులో నా చేతికివ్వు. ఒక్క కాగితం తగ్గకూడదు."

"ఆ చివరి పేజీ?"

"అదీ ఉండాలి. మనకి నచ్చలేదని ఫైల్లోంచి ఏదీ చింపం. దాన్ని ఎవరి దగ్గరికి, ఎట్లా తీసుకెళ్ళాలో తరవాత చూద్దాం. దానికీ ఒక దారి ఉంటుంది. అది ఆయన వీపు మీంచి పోయే దారి కాదు."

"నా ఉద్యోగం, మేడమ్?"

"సోమవారం మాట్లాడదాం. అన్నం తిన్నావా?"

"లేదు."

"తిను."

ఫోను పెట్టేసి తిరిగి చూస్తే బల్ల మీద ఫైలు లేదు.

దేవకుమారి దీపం కింద కూచుని ఉంది. కళ్ళజోడు పెట్టుకుంది. ఫైలు ఒళ్ళో తెరిచి, చివరి పేజీ మీద వేలు పెట్టి, అక్షరం తరవాత అక్షరం, బైబిలు చదివినట్టే చదువుతోంది. పెదవులు కదులుతున్నాయి. పేజీ అడుగుకి వచ్చాక వేలు మళ్ళీ పైకి వెళ్ళింది. మూడుసార్లు అలా చదివింది.

"'దానయ్య తాగలేదు.' వాడు ఇట్టాగే అన్నాడా?"

"అట్టాగే అన్నాడు."

"చెల్లదా?"

ఫోను మాటలు విన్నదన్నమాట. "చెల్లదమ్మా. ఆవిడ చేసినదానికి. నేను చేసినదానికి."

"తొమ్మిదేళ్ళ కింద వాడు అన్నది చెల్లింది," అంది దేవకుమారి.

బయట మార్క్ తిరిగొచ్చిన అలికిడి. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఫైలివ్వమ్మా. పొద్దున ఆరింటికల్లా మేడమ్‌కి ఇవ్వాలి."

"ఇందులో కాగితాలు లేకపోతే?"

"మంచం పోద్ది."

"ఊఁ."

దేవకుమారి కళ్ళజోడు తీసి మడిచింది. ఫైలుకి ఉన్న నాడాలు ముడి వేసింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, ఫైలుని గుండెకి ఆనించుకుని తన గది వైపు నడిచింది.

"అమ్మా."

"చిక్కుడుకాయ కూర పొయ్యి మీదే ఉంది. ఇద్దరూ పెట్టుకు తినండి."

"అమ్మా, పొద్దున ఇస్తావుగా?"

దేవకుమారి వెనక్కి తిరిగి కూతుర్ని చూసింది. కోపంగా చూడలేదు. తరవాత లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.

క్రిస్టీనా అక్కడే నిలబడి గడియ పడే చప్పుడు వినపడుతుందేమోనని చెవి పెట్టింది. అది పడలేదు.